ఏ ఆయిల్ పోయమంటారు, మాస్టారూ

ఆ రోజు ఆగస్టు పందొమ్మిది, మంగళవారం. ఆవిడ తిన్నది ఒక అరటిపండు, సగం బన్ను, ఒక ఉడికించిన గుడ్డు, దాని మీద కాగితప్పొట్లంలోంచి తీసి చల్లుకున్న చిటికెడు ఉప్పు. ఈ జాబితా ఆయనకు కంఠతా వచ్చు. ఏడాదిన్నర అయింది, ఎవరికీ చెప్పలేదు, అడిగితే కదా చెప్పడానికి, అందరూ అడిగింది కారు ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఫోన్ ఎందుకు చెయ్యలేదు, అంతే, రోడ్డు పక్కన పిట్టగోడ మీద కూర్చుని ఆవిడ ఏం తిన్నదని అడిగినవాళ్ళు లేరు, అడగాలని తట్టదు కూడా, మూడు వారాలుగా నాలుగు చెంచాల జావ కూడా లోపల నిలవని మనిషి ఆ పూట గుడ్డు ఒలుచుకుని తిన్నదంటే అది ఎంత పెద్ద వార్తో పక్కన కూర్చున్నవాడికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది.

ఇప్పుడు అదే కారు మెకానిక్ షెడ్డులో, ఆయన ఎదురుగా లిఫ్టు మీద, తలెత్తి చూసేంత ఎత్తులో ఉంది, నాలుగు చక్రాలూ కిందికి వేలాడేసుకుని, పొట్ట బయటపెట్టుకుని, చూడకూడని చోటు చూసినట్టనిపించి ఆయన కళ్ళు తిప్పుకున్నాడు. తిప్పుకుంటే పక్కన బావమరిది. మధ్యలో ఒక ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీ వాళ్ళు చెప్పుకోకుండానే వదిలిపెట్టుకున్నారు, ఇద్దరికీ అందులో ఎవరు కూర్చోవాలో తెలుసు. బావమరిది తాళాల గుత్తి వేలికి తగిలించుకుని గిరగిర తిప్పుతున్నాడు, తిప్పి, అరచేతిలోకి కొట్టి, మళ్ళీ తిప్పుతున్నాడు, ఆ చప్పుడు వినలేక ఆయన గోడ మీద వరసగా పేర్చిన ఖాళీ డబ్బాలు లెక్కపెట్టాడు, పదిహేడు, మళ్ళీ లెక్కపెట్టాడు, పద్దెనిమిది, లెక్క కూడా ఇవాళ తనకు ఎదురు తిరిగింది. షెడ్డు యజమానురాలు పళ్ళెంలోకి కారిన పాత ఆయిల్‌ని డ్రమ్ములోకి వంపి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పెళ్ళిళ్ళకి పెట్టుకునే పెద్ద గడియారం ఒకటి ఎప్పుడూ ఆమె మణికట్టుకి ఉంటుంది. ఆయన భార్యే ఆమెకి స్పానరమ్మ అని పేరు పెట్టింది, ఆ పేరు విని ఆమె కోప్పడలేదు, బోర్డు మీద రాయిస్తానంది.

"ఆయిల్ చాంబర్ విప్పి కడిగాను, పేస్టు వేసి బిగించాను. రాత్రంతా ఆరాలి. పొద్దున్నే ఆయిల్ పోసి బండి ఇచ్చేస్తాను. ఎదురుషాపువాడు ఏడింటికి మూసేస్తాడు, రేపు వాడికి సెలవు. డబ్బాలు ఇప్పుడే తెచ్చిపెట్టుకోవాలి. ఏ ఆయిల్ పోయమంటారు, మాస్టారూ?"

"ఆయన్ని అడక్కమ్మా," అన్నాడు బావమరిది, ఆయన వైపు చూడకుండా. "ఆయన్ని అడిగితే పాఠం చెప్తారు. సింథటిక్ పోసెయ్యి."

"బండి ఎవరిదో వాళ్ళని అడుగుతాను సార్."

"బండి మా అక్కది."

స్పానరమ్మ ఇద్దరి వైపూ చూసి, గడియారం చూసుకుని, ఆరూ పది అని గోడకి చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్ళడం ఆమె మంచితనం. రెండు రకాల ఆయిళ్ళ మధ్య ఉన్నది ఆయిల్ మాత్రమే కాదని ఆ షెడ్డులో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

బండి మా అక్కది, నిజమే, ఆవిడదే, ఆవిడే నడిపేది, ఈయన పక్కసీట్లో కూర్చుని దారి చెప్పేవాడు, ఆవిడ ఆ దారిన వెళ్ళేది కాదు. జబ్బు పడ్డాక స్టీరింగు ఈయన చేతికి వచ్చింది, యాభై ఆరేళ్ళ వయసులో డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి ఎలా నడుపుతాడో అలా, ముందున్న సైకిల్‌కి కూడా దారి ఇచ్చుకుంటూ నడిపాడు. కారు మేనకోడలికి ఇవ్వమని ఆవిడే చెప్పింది, పిల్ల కాలేజీలో చేరాక ఇవ్వమంది, చేరింది, ఇస్తున్నాడు, ఇచ్చేముందు సర్వీసు చేయించి ఇద్దామని తెస్తే వీడు వెంట వచ్చాడు. మళ్ళీ చవకరకం పోయిస్తానేమోనని కాపలా. మాటల్లేని రోజుల తర్వాత వీడు నోరు తెరిచింది శ్మశానం దగ్గర, అక్కడి నుంచి వచ్చేటప్పుడు కారెక్కి తలుపు ధడేలుమని వేసి, అద్దం దింపి, నాలుగు మాటలే అన్నాడు, మంచి ఆయిల్ పోయించి ఉంటే ఆ రోజు కారు ఆగేది కాదు, డాక్టరు వారానికి ఒక్కరోజే వచ్చేవాడు, ఆ వారం పోయింది, మా అక్కకి ఉన్నవే మూడు వారాలు. అన్నాక అద్దం ఎత్తేశాడు. అప్పటిదాకా బావా, నువ్వు అని పిలిచే నోరు అప్పటి నుంచి బావగారూ, మీరు అనడం మొదలుపెట్టింది, ఎంత మర్యాదగా అంటే ఆ మర్యాద మీద కాలు జారుతుంది. ఈ కారు తలుపు మాత్రం వీడెప్పుడూ అలాగే వేస్తాడు, ధడేల్, ఆవిడ ఉన్నప్పుడు కూడా, అది ఇనప్పెట్టె కాదురా అనేది ఆవిడ, ఫ్రిజ్ తలుపు కూడా ఇలాగే వేస్తావా మీ ఇంట్లో.

ఏ ఆయిల్ పోయమంటారు. ఇరవై ఎనిమిదేళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన మనిషికి ఇది ప్రశ్నా, ఏటా ఒక పీరియడ్ అంతా ఇదే చెప్పేవాడు, బల్ల మీద ఒక గిన్నెలో ఒకే సైజు గోలీలు, ఇంకో గిన్నెలో గోలీలూ గులకరాళ్ళూ చింతపిక్కలూ కలిపి పోసి రెండింటినీ ఏటవాలు చెక్క మీద ఒలకబోసేవాడు, చూడండి, మనుషులు చేసిన నూనెలో అణువులన్నీ ఒక సైజు, అందుకే చలిలో కూడా తొందరగా పారుతుంది, వేడికి తొందరగా విరగదు, భూమిలోంచి తీసిన మామూలు నూనెలో పెద్దా చిన్నా అన్నీ ఉంటాయి, అయినా నెమ్మదిగా నడిపే మన పాత కార్లకి మామూలుది చాలు, సమయానికి మార్చుకుంటే చాలు. సమయానికి. ఆ మాట ఆయనే అన్నాడు, సుద్దముక్కతో బోర్డు మీద కింద గీత కూడా గీశాడు. ఇప్పుడు సింథటిక్ పోయండి అంటే ఏమవుతుంది, వీడన్నది ఒప్పుకున్నట్టవుతుంది, అవును, పిసినారితనం చేశాను, మీ అక్క వారం నేనే తినేశాను అని సంతకం పెట్టినట్టవుతుంది. మామూలుది పోయండి అంటే, చచ్చినా బుద్ధి రాలేదంటాడు, నా కూతురు ఎక్కే బండి అంటాడు, రేపటి నుంచి ఆ పిల్ల చేత కూడా మామయ్య మీద ఒక మాట అనిపిస్తాడు. నాలుగు లీటర్ల నూనె. డ్రమ్ములో పాతది నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఈసారి పొదుపు వద్దు బావగారూ," అన్నాడు బావమరిది. తాళాలు ఆగాయి. "కావాలంటే నేను తెచ్చిస్తాను."

"పొదుపు కాదు."

"మరేమిటి? సిద్ధాంతమా?"

ఆయన దగ్గర ఒక వాక్యం ఉంది. ఏడాదిన్నరగా దాన్ని పదును పోకుండా దాచుకున్నాడు, ఎన్నో పగళ్ళు వంటింట్లో ఒంటరిగా గిన్నెలు కడుక్కుంటూ దాన్ని గొంతులోనే పలికి చూసుకున్నాడు, ఎక్కడ ఊనితే ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు. మంచివాడని పేరుంది ఆయనకు, ఇంటికి వచ్చిన పాలవాడి దగ్గర్నుంచి కాలేజీ గుమాస్తా దాకా పాపం మాస్టారు మంచివారంటారు, లోపల ఈ కత్తి ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. ఇవాళ అనేద్దామనే బయల్దేరాడు. కారు ఇచ్చేశాక వీడితో పని లేదు, పిల్లతో తప్ప, వీడి మొహం చూడనక్కర్లేదు, ఇచ్చే రోజున ఆ ఒక్క వాక్యం వీడి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళి పడుకోవాలి.

ఆ వాక్యం ఆవిడదే. ఆ మంగళవారం ఆసుపత్రికి వెళ్తుంటే, సిగ్నల్ దాటగానే మీటరు పక్కన ఎర్రదీపం వెలిగింది, నూనె గిన్నె బొమ్మలాంటి దీపం, ఆయన వెంటనే ఇంజన్ ఆపి పక్కకి దొర్లించాడు, అంతమాత్రం తెలుసు, అందుకే ఇంజన్ బతికింది. బానెట్టు ఎత్తి అందులోకి చూస్తూ నిలబడ్డాడు, చూస్తే ఏమైనా అర్థమవుతుందని కాదు, నిలబడాలి గనక. ఫోన్లో స్పానరమ్మతో ఏదో చెప్తుంటే వెనక నవ్వు వినిపించింది, తిరిగి చూస్తే ఆవిడ, దిగి వచ్చి పిట్టగోడ మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఇరవై ఎనిమిదేళ్ళు నూనె మీద పాఠం చెప్పిన మనిషి కారు నూనె దగ్గరే ఆగిందండీ అని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ముందు రోజు వాన కురిసింది, ఎండ పలచగా ఉంది, వేడి లేదు, వెలుగే ఉంది. స్పానరమ్మ రావడానికి గంట పడుతుందంది. డాక్టరు పదకొండింటికి వెళ్ళిపోతాడు. ఆటో కుదుపులు ఆవిడ ఓర్చుకోలేదు. బావమరిది ఆఫీసు పది నిమిషాల దూరం. మీ తమ్ముడికి చేస్తానని ఆయన ఫోన్ తీశాడు, మాటల్లేకపోతే లేకపోయాయి, అంతకు మూడు నెలల ముందు ఏ ఆసుపత్రి అని మొదలైన తగువు, మీ లెక్కల్లో మా అక్క కూడా ఒక ప్రయోగమేనా అని వాడన్న మాట, అన్నీ మింగేసి, చేస్తాను అన్నాడు. ఆవిడ ఆ ఫోన్ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. మా వాడికి మాత్రం చెయ్యకండి, అంది. తర్వాత, ఆ సంచిలో ఏం పెట్టుకొచ్చారు, అంది.

గుడ్డు ఒలిచి పెంకు ముక్కలు ఎక్కడ పడెయ్యాలో తెలియక ఒక్కొక్కటీ ఆయన అరచేతిలో పెట్టింది, ఆయన చెయ్యి చాచుకుని నిలబడ్డాడు, దానం పుచ్చుకునేవాడిలా. అంత దగ్గరగా, అంత ఖాళీగా, మందుల వేళ కానిది, ఎవరూ చూడ్డానికి రానిది, ఒక గంట దొరకడం ఆ నెలల్లో అదొక్కసారే. చివరిసారి కూడా అదే.

మా వాడికి మాత్రం చెయ్యకండి. ఈ ముక్క వీడి మొహం మీద పడేస్తే చాలు. ఫోన్ ఎందుకు చెయ్యలేదు, ఫోన్ ఎందుకు చెయ్యలేదు అని కర్మ జరిగినన్నాళ్ళూ చుట్టాలందరి ముందూ సాధించావు కదా, ఇదిగో, నువ్వు వద్దంది మీ అక్క. చివరి రోజుల్లో కూడా నీ మొహం చూడాలనుకోలేదు. రెండోది ఆవిడ అనలేదు, ఆయన కలుపుకున్నాడు, కలుపుకున్నాడని ఆయనకు తెలుసు, అయినా కడుపులో ఒక వేడి పుట్టింది, తాగిన టీ లాంటి వేడి, సుఖంగా ఉంది. ఆ సుఖం చూసి ఆయనకే భయం వేసింది. ఆవిడ ఉంటే ఒక్క చూపు చూసేది.

ఆరూ నలభై. స్పానరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ బావాబావమరుదుల పంచాయితీ తేలేలోపు షాపువాడు ఇంటికెళ్ళి పడుకుని లేచేలా ఉన్నాడు," అంది. తర్వాత మెల్లగా, "చాంబర్లో ఈసారి జిడ్డు లేదు మాస్టారూ. శుభ్రంగా ఉంది," అని చేర్చింది.

ఈసారి. ఆ ఒక్క మాట ఆమె ఆయనకోసం చెప్పింది, వాడికి అర్థం కాకుండా. అప్పుడు ఉంది మరి, ఆ తర్వాతే ఆయన ఆరు నెలలు దాటనివ్వడం లేదు. ఆ ఆగస్టులో చాంబర్ విప్పితే అడుగున గరిటెతో తియ్యాల్సినంత మడ్డి, నల్లని జావలాంటిది, జాలీ అంతా మూసుకుపోయి ఆయిల్ పైకి ఎక్కక దీపం వెలిగింది. ఇది ఎన్ని నెలల ఆయిల్ మాస్టారూ అని ఆమె అడిగింది. ఎనిమిది వందల కిలోమీటర్లే తిరిగింది అన్నాడాయన. నెలలు అడుగుతున్నాను అందామె. అప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. తలుపు తీస్తే చట్రం మీద ఆవిడ అంటించిన కాగితం ఉంటుంది, ఆయిల్ మార్చినప్పుడల్లా అప్పటి కిలోమీటర్లు పెన్సిల్‌తో రాసేది, ఐదు వేలకోసారి, ఆ లెక్క ఈయన చెప్పిందే, ఆవిడ ఊళ్ళన్నీ తిరిగే రోజుల్లో ఐదు వేలంటే ఆరు నెలలు కూడా పట్టేది కాదు. జబ్బు చేశాక కారు తిరిగింది ఇంటి నుంచి ఆసుపత్రికి మూడు కిలోమీటర్లు, ఆసుపత్రి నుంచి ఇంటికి మూడు. ఇంజన్ వేడెక్కేలోపే ఆగేది. లోపల చెమ్మ ఆరేది కాదు, ఆ చెమ్మా మసీ నూనెలో కలిసి పేరుకునేవి, ఈ సంగతి కూడా ఆయనకు తెలుసు, పుస్తకంలో తెలుసు. ప్రతిసారీ ఆ పెన్సిల్ అంకె చూసేవాడు, మీటరు చూసేవాడు, ఇంకా నాలుగు వేలు ఉంది కదా అనుకుని తలుపు వేసేవాడు. పదహారు నెలలు. అంకెలు చూశాడు, తారీఖులు చూడలేదు. ఆ ఇంట్లో తారీఖులు చూడడమంటే అప్పట్లో భయం.

అంటే వీడు అన్నదీ తప్పే, తను మనసులో ఏడాదిన్నరగా వాదిస్తున్నదీ తప్పే. ఆయిల్ రకం కాదు. సింథటిక్ అయితే ఇంకో రెండు నెలలు ఓర్చుకునేదేమో, అదీ అలాగే మడ్డి అయ్యేది. కాపాడుకుంటూ వచ్చింది ఏమిటి మరి తను? మామూలు ఆయిల్ పరువునా?

"పదహారు నెలలు మార్చలేదు," అన్నాడు ఆయన.

"ఏమిటి?"

"అప్పుడు. ఆయిల్ మంచిదే. నేను కిలోమీటర్లు చూశాను, నెలలు చూడలేదు. ఆమెకి తెలుసు, అడుగు."

స్పానరమ్మ నేల చూసింది. బావమరిది తాళాల గుత్తిని పిడికిట్లో బిగించాడు. ఇక తిడతాడు. అయితే మీ తప్పే అంటాడు. అననీ, అన్న వెంటనే తన చేతిలోది విసరొచ్చు, ఇద్దరి బాకీ చెల్లు. ఆయన వాక్యాన్ని నాలుక చివరకి తెచ్చి పెట్టుకున్నాడు.

"గుడ్డు ఒలుస్తోంది," అన్నాడు బావమరిది.

ఆయనకు ముందు అర్థం కాలేదు.

"అక్క. ఆ రోజు. గోడ మీద కూర్చుని గుడ్డు ఒలుస్తోంది. పెంకులన్నీ మీ చేతిలో పెడుతోంది." మధ్య కుర్చీతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతున్నాడు. "నేను అవతలి వైపు రోడ్డు మీద ఉన్నాను. ఆఫీసుకి వెళ్తున్నాను. బానెట్టు ఎత్తి ఉంది, చూశాను. మీతో మాటల్లేవు కదా. పడనీ, ఫోన్ చేస్తాడులే, అప్పుడు వెళ్దాం అనుకున్నాను. సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను." ముక్కు భుజానికి తుడుచుకున్నాడు. "అక్క నవ్వుతోంది బావా. నేను ఆపలేదు."

అయితే అదా. ఏడాదిన్నర నుంచి ఫోన్ ఎందుకు చెయ్యలేదు, ఫోన్ ఎందుకు చెయ్యలేదు అని వీడు అడిగింది తనను కాదు. ఎవరికీ తెలియదనుకున్న ఆ గంటలో రోడ్డు అవతల ఇంకొకడు ఉన్నాడు, ఆ గుడ్డు ఇంకొకడు కూడా చూశాడు, ఒక్క క్షణం ఆయనకు పట్టరాని కోపం వచ్చింది, తన ఒక్కడి సొత్తు అనుకున్నదాన్ని వీడు తొంగి చూశాడని, ఆ వెంటనే కోపం నిలబడడానికి చోటు దొరక్క కూలబడింది. నాలుక మీద వాక్యం ఇంకా ఉంది. అవే మాటలు, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

"ఆపినా ఎక్కేది కాదు," అన్నాడు. "నీకు ఫోన్ చేస్తానన్నాను. మా వాడికి మాత్రం చెయ్యకండి అంది. ఫోన్ లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది."

బావమరిది తలెత్తాడు. దెబ్బ తగిలింది, తగలడం కనిపించింది.

"ఎందుకట?"

"వాడొస్తే హారన్ కొట్టుకుంటూ నన్ను మోసుకుపోతాడు, కాసేపు ఇలా ఎండలో కూర్చుందాం, అంది."

ఆ రెండో ముక్క ఆయన ఏడాదిన్నరగా తనకు తాను కూడా చెప్పుకోలేదు. గుచ్చడానికి పనికిరాదని వదిలేశాడు. ఇప్పుడు చెప్తుంటే ఆవిడ గొంతు సరిగ్గా వినిపించింది, హారన్ దగ్గర చెయ్యి గాల్లో నొక్కి చూపించడంతో సహా.

"హారన్ అందా."

"అంది."

"కొట్టేవాణ్ణే," అన్నాడు బావమరిది. తర్వాత మళ్ళీ గట్టిపడ్డాడు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? ఒక్కసారి చెప్తే పోయేది కదా."

"నొచ్చుకుంటావని మొదట్లో. ఇవాళ నొప్పిద్దామనే తెచ్చాను."

"మంచివారని అంటారు మిమ్మల్ని."

"అంటారు."

ఎదురుగా షాపువాడు బయటి బల్లలు లోపలికి లాగుతున్న చప్పుడు. స్పానరమ్మ చెప్పులేసుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడింది, ఏదీ చెప్పకపోతే నాకు తోచింది తెచ్చేస్తానన్నట్టు.

"సింథటిక్ తెండి," అన్నాడాయన.

"నేనన్నాననా?"

"నీ మాట నెగ్గలేదు. పిల్ల రెండు కిలోమీటర్లు పోయి కాలేజీ దగ్గర ఆపుతుంది. వేడెక్కదు. తారీఖు కూడా మర్చిపోతుంది, ఆ వయసు. మర్చిపోయేవాళ్ళని ఇది ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటుంది. అంతే. దీనికీ ఆరు నెలలే."

"పాఠం చెప్పకుండా ఉండలేరు కదా," అన్నాడు బావమరిది. మర్యాద మళ్ళీ వచ్చింది, కానీ ఈసారి చెప్పులు వదిలేసి వచ్చింది.

స్పానరమ్మ డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టి, లిఫ్టు కిందికి దించింది. కారు ఒక నిట్టూర్పుతో నేలకి ఆనింది. ఆయన డ్రైవరు వైపు తలుపు తీసి, జేబులోంచి పెన్ను తీసి, ఆవిడ తర్వాత ఎవరూ రాయని ఆ కాగితం మీద ఆవిడ చివరి పెన్సిల్ అంకె కింద రాయబోయి, కళ్ళజోడు లేక ఆగిపోయాడు. బావమరిది పెన్ను తీసుకున్నాడు. తారీఖు అడిగాడు. ఆయన చెప్పాడు. ఆరు నెలలకి అంటే మళ్ళీ ఆగస్టే వచ్చింది, అతను ఆగస్టు అని అక్షరాల్లో రాశాడు, పెన్సిల్ గీతకి వేలు తగలకుండా పక్కకి పట్టుకుని.

"చీకటి పడింది, ఇక పొద్దున్నే రండి," అంది స్పానరమ్మ దీపం స్విచ్చి మీద చెయ్యి పెట్టి.

ఆయన నాలుగు అడుగులు వేసి, అలవాటు కొద్దీ, ధడేలుమనే చప్పుడు కోసం భుజాలు బిగించుకుని నిలబడ్డాడు. అది రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, బావమరిది తలుపు అంచుకి అరచెయ్యి ఆనించి, పడుకున్నవాళ్ళ గది మూసినట్టు, అది టక్కున ఇమిడేదాకా మెల్లగా నొక్కుతున్నాడు.